వరదలో అమ్మానాన్నల ఫోను ఆగిపోయింది. ఈసారి వానలకు ముందే ఇంట్లో ఏం ఏర్పాటు చేసుకోవాలి?

అడిగినవారు: సింగ్‌నగర్ అమ్మాయి

మా అమ్మానాన్నలు విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఉంటారు. నేను హైదరాబాద్‌లో, అన్నయ్య అమెరికాలో. 2024లో బుడమేరు పొంగినప్పుడు మాకు ఏం జరిగిందో చెప్పి, మీ సలహా అడుగుదామని రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికతో చదవండి.

సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున ఆరున్నరకు నాన్న ఫోన్ చేసి "వీధిలోకి నీళ్ళొచ్చాయమ్మా, కంగారేం లేదు" అన్నారు. తొమ్మిదింటికి మళ్ళీ చేశారు. నీళ్ళు గడప దాటాయి, మాత్రల సంచీ తీసుకుని పై వాటావాళ్ళింటికి వెళ్తున్నామన్నారు. అప్పటికే కరెంటు పోయింది. అక్కణ్ణుంచి నేను పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తూనే ఉన్నాను. అన్నయ్య వీడియో కాల్ చేసి నీళ్ళు చూపించమన్నాడు. పిన్ని, అత్తయ్య, నాన్న ఆఫీసు స్నేహితులు, అందరూ చేశారు. సాయంత్రం ఏడింటికి ఫోను ఆగిపోయింది. అందులోని ఛార్జింగంతా మేమే తినేశాం.

తర్వాత 46 గంటలపాటు ఏ కబురూ లేదు. బయల్దేరి వెళ్దామంటే నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికే నీళ్ళొచ్చాయి. కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. టీవీ ముందు కూర్చుని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద పడవ దిగుతున్న ప్రతి ముసలాయన మొహంలో మా నాన్నని వెతుక్కున్నాను.

అన్నిటికంటే నన్ను తినేస్తున్నది వేరే ఉంది. సోమవారం పొద్దున పదకొండింటికి తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది. స్క్రీను మీద ఎర్రగా స్పామ్ అని పడింది. కట్ చేశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కట్ చేశాను. పడవలో పాల ప్యాకెట్లు పంచడానికి వచ్చిన ఒక కుర్రాడి ఫోను అది. నాన్న నా నంబరు గుర్తు తెచ్చుకుని, మేడ మీది నుంచి ఒక్కో అంకె అరిచి చెప్పి చేయించారట. ఎత్తకపోయేసరికి పడవ ముందుకెళ్ళిపోయింది. మంగళవారం సాయంత్రం ఐదింటికి వాళ్ళు ఫ్లైఓవర్ చేరి, అక్కడ ఇంకెవరి ఫోను నుంచో చేస్తే గానీ నాకు ఊపిరి రాలేదు.

ఇప్పుడు నేను అడిగేది ఏమిటంటే: మళ్ళీ ఇలాంటిది వస్తే ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎలా కబురు పంపాలో ఒక పద్ధతి పెట్టుకోవాలి. అందరికీ కబురు అందించే మనిషిగా ఖమ్మంలో ఉన్న మా పెద్దమ్మని పెడదామనుకుంటున్నాను. అమ్మకి వాట్సాప్‌లో మైకు నొక్కి మాట్లాడటం ఒక్కటే వచ్చు. నాన్న "అప్పుడు చూద్దాంలే" అంటారు. వాళ్ళచేత ముందే అలవాటు చేయించడం ఎలా? ఎవరైనా ఇంట్లో నిజంగా చేసి చూశారా?


సమాధానం 1: ప్లానో నుంచి

మాదీ గుంటూరు వైపే, ఇప్పుడు అమెరికాలో ప్లానోలో ఉంటున్నాను. మీ పోస్టు చదివి మా అమ్మకి ఫోన్ చేశాను. ఇక్కడ మేం కొండలెక్కడానికి వెళ్ళినప్పుడు అరచేతిలో పట్టే ఉపగ్రహ మెసెంజరు తీసుకెళ్తాం. టవరుతో పని లేదు, ఆకాశం కనిపిస్తే చాలు, మెసేజ్ వెళ్తుంది. మీ అన్నయ్య ఈసారి వచ్చేటప్పుడు ఒకటి తెచ్చి ఇంట్లో పెడితే సరిపోదా? నేనూ సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి తెద్దామనుకుంటున్నాను.

ఇంకోటి. మాకు పగలైనప్పుడు మీకు రాత్రి. అక్కడ రాత్రి తొమ్మిదైతే ఎండాకాలంలో ఇక్కడ పొద్దున పదిన్నర. రాత్రంతా మేలుకుని ఉండే మనిషి మీ అన్నయ్యే కాబట్టి, కబురు అందుకునే పని ఆయనకే ఇవ్వచ్చు.


సమాధానం 2: పాత ఎక్స్ఛేంజీ మనిషి

అమ్మా, చదివాను. ఆ కాల్ కట్ చేసినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. తెలియని నంబరు ఎత్తొద్దని ఇంటింటా మనమే నేర్పుతున్నాం. కానీ వరద రోజున, తుపాను రోజున తెలియని నంబరే మనవాళ్ళ నంబరు. ఆ మూడు రోజులూ ప్రతి కాలూ ఎత్తాలి, స్పామ్ ఆపే యాప్‌ని ఆపేయాలి. మీ కాగితంలో ఇది మొదటి మాటగా రాసుకోండి.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో 34 ఏళ్ళు చేసి దిగాను. మాది విశాఖ, కంచరపాలెం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు డ్యూటీలో ఉన్నాను. ఆ గాలి చెప్తే అర్థమయ్యేది కాదు, వదిలేద్దాం. మర్నాడు సోమవారం సంగతి చెప్తాను. ఎక్స్ఛేంజీలో ఒక్క ఫోను మాత్రం బయటి ఊళ్ళకు కలుస్తోందని ఎలాగో తెలిసి, గేటు దగ్గర జనం బారులు తీరారు. మనిషికి ఒక నిమిషం ఇచ్చాం. నంబరు నొక్కేది నేనే. "నంబరు చెప్పండి" అంటే చేతిలో ఫోను ఎత్తి చూపించేవారు. "ఇందులో ఉంది సార్, ఛార్జింగ్ లేదు." బాగా చదువుకున్నవాళ్ళు, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు కూడా. సొంత కొడుకు నంబరు, భార్య నంబరు రావట్లేదు. కొందరు కళ్ళు మూసుకుని నాలుగంకెలు చెప్పి ఆగిపోయేవారు. ఒక ముసలావిడ తన వంతు రాగానే కొంగు ముడి విప్పి క్యాలెండరు కాగితం ముక్క తీసింది. వెనకాల పెన్సిల్‌తో రెండు నంబర్లు. కాగితం తడిసి ముద్దయింది గానీ పెన్సిల్ రాత చెదరలేదు. "మొదటిది పెద్దాడిది, రెండోది అమ్మాయిది" అంది. నలభై సెకన్లలో మాట్లాడేసి, మిగతా ఇరవై సెకన్లు వెనకవాళ్ళకి ఇచ్చి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో నంబర్లు పెన్సిల్‌తోనే రాస్తాం. పెన్ను సిరా నీళ్ళకి ఆగదు.

ఇక ఫోను ఎందుకు ఆగుతుందో కొంచెం తెలుసుకుంటే మీ ఏర్పాటు మీరే చేసుకోగలరు. టవరు కూలిపోనక్కర్లేదు. కరెంటు పోయాక టవరు కింద ఉన్న బ్యాటరీలు కొన్ని గంటలు లాగుతాయి, ఆ తర్వాత డీజిల్ ఇంజిను. నీళ్ళలో డీజిల్ తెచ్చేవాడు లేకపోతే అదీ అయిపోతుంది. టవరు నిలబడే ఉంటుంది, నోరు మాత్రం పడిపోతుంది. చెట్టు పడి టవరుకి వచ్చే ఫైబరు తీగ తెగినా అంతే. ఇవేమీ జరక్కపోయినా ఊరంతా ఒకేసారి ఫోన్ చేస్తే కాల్ కలవదు. పాత రాగి తీగ ల్యాండ్‌లైనుకి ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఇంట్లో దీపం లేకపోయినా ఫోను మోగేది. ఇప్పుడు ఇంట్లో ఉన్న ఫైబర్ కనెక్షను అలా కాదు. ఆ పెట్టెకి మీ ఇంటి కరెంటే కావాలి. రౌటరుకి పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అది కొని మేడ మీద పెట్టించండి. బయట తీగ తెగనంతసేపు నాలుగైదు గంటలు మాట్లాడుకోవచ్చు.

కాల్ కలవని చోట కూడా మామూలు ఎస్ఎంఎస్ వెళ్ళే అవకాశం ఉంది. దానికి దారి అట్టే అక్కర్లేదు, క్షణం సందు దొరికితే దూరిపోతుంది. పైగా అవతలి ఫోను ఆఫ్‌లో ఉంటే మధ్యలో సెంటరులో ఆగి, ఆన్ చేయగానే అందుతుంది. కాల్‌కి ఆ గుణం లేదు. తెలుగు లిపిలో రాస్తే ఒక మెసేజ్‌లో గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కపెట్టి 70 గుర్తులే పడతాయి, దాటితే రెండు ముక్కలవుతుంది. కాబట్టి మాటలొద్దు, అంకెలు పెట్టుకోండి. మా ఇంట్లో 1 అంటే ఇంట్లోనే ఉన్నాం, క్షేమం. 2 అంటే ఇల్లు వదిలి ముందే అనుకున్న చోటికి వెళ్ళాం. 3 అంటే సాయం కావాలి. పక్కన ఛార్జింగ్ ఎంతుందో ఇంకో అంకె. "1 40" అని వస్తే చాలు, మా అబ్బాయి బెంగళూరులో నిద్రపోతాడు.

కబురు అందుకునే మనిషి విషయంలో మీ పెద్దమ్మగారి ఊరు వద్దమ్మా. ఆ ఆదివారమే ఖమ్మంలో మున్నేరు పొంగి ఊళ్ళోకి వచ్చింది, గుర్తుందా? విజయవాడని ముంచిన వానే ఖమ్మాన్నీ ముంచింది. మీవాళ్ళ నది, మీవాళ్ళ సముద్రం, మీవాళ్ళ కరెంటు లైను తగలని ఊళ్ళో మనిషి కావాలి. రాయలసీమలో ఎవరైనా ఉన్నారా? అమెరికా తమ్ముడు చెప్పినట్టు మీ అన్నయ్యని పెడితే ఇంకో చిక్కుంది. మన ప్రీపెయిడ్ ప్యాకుల్లో వచ్చే ఎస్ఎంఎస్‌లు దేశం లోపలికే. అమెరికాకి పంపాలంటే వేరే బ్యాలెన్సు ఉండాలి. కాబట్టి ఇక్కడి మనిషి ఒకరు కబురు అందుకుని మీ అన్నయ్యకి, మీకు, బంధువులందరికీ చెప్పాలి. ఆ ఒక్కరు తప్ప ఇంకెవరూ మీ నాన్నగారికి ఫోన్ చేయకూడదు. ఇది మీ పిన్నిగారికి, అత్తయ్యగారికి ముందే నచ్చజెప్పాలి. ఆ రోజున చెప్తే వినరు.

వేళలు పెట్టుకోండి. పొద్దున 8, సాయంత్రం 6. ఆ పది నిమిషాలే ఫోను ఆన్‌లో ఉంటుంది. సిగ్నల్ లేని చోట ఫోను టవరు కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది, అందుకని మిగతా వేళల్లో ఆపేయడమే మంచిది. ఆపద మీద పడితే మాత్రం వేళలూ అంకెలూ చూడక్కర్లేదు, వెంటనే 112. సొంత కంపెనీ సిగ్నల్ లేకపోయినా దగ్గర్లో ఏ కంపెనీ టవరు బతికున్నా 112 దాని మీదుగా వెళ్తుంది. తుపాన్లప్పుడు టెలికాం శాఖ ఒక కంపెనీ సిమ్ముని ఇంకో కంపెనీ టవరు మీద పనిచేయనివ్వమని ఆదేశాలు ఇస్తోంది కూడా. సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఎంచుకునే చోటు మీ నాన్నగారికి ఒకసారి చూపించి పెట్టండి.

మీరు హైదరాబాద్ నుంచి 112 నొక్కితే తెలంగాణ కంట్రోల్ రూముకే పోతుంది. ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్ కంట్రోల్ రూము పూర్తి నంబరు వానలకు ముందే కనుక్కుని రాసుకోండి. అక్కడ ఎత్తినవారికి "సింగ్‌నగర్" అంటే సరిపోదు. ఇంటి నంబరు, దగ్గర్లో గుడో బడో, ఎన్నో అంతస్తు, ఎంతమంది, ఎవరికి ఏ జబ్బు. ఈ ఐదు ముక్కలూ ఒక కాగితం మీద ఉండాలి, ఆ గాభరాలో నోటికి రావు.

చివరగా ఒకటి. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు పేపర్లలో మీరు పదో నంబరు దాకా చూసి ఉంటారు. పదకొండోది కూడా ఉంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం ప్రమాదకరంగా మారేలా ఉందని అక్కడి అధికారి అనుకుంటున్నాడు అని దాని అర్థం. చూడండి, కబురు రాకపోతే ఏమనుకోవాలో కూడా ముందే రాసి పెట్టుకున్నారు. మీరు 46 గంటలు నరకం పడింది నీళ్ళ వల్ల కాదమ్మా, ఆ మౌనానికి అర్థమేమిటో ఎవరూ ముందే అనుకోకపోవడం వల్ల. మా ఇంట్లో లెక్క ఇది: ఒక పూట తప్పితే బ్యాటరీయో టవరో అనుకుంటాం. వరసగా రెండు పూటలు తప్పితే అబ్బాయి కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తాడు. మూడో పూట కూడా రాకపోతే అనకాపల్లిలో ఉన్న మా బావమరిది దారి ఉంటే బయల్దేరతాడు. మీ ఇంటికి ఒక పదకొండో నంబరు మీరూ కూర్చుని రాసుకోండి.

ఇంకో ముక్క మర్చిపోయాను. హుద్‌హుద్ కన్ను, అంటే తుపాను నడిమి భాగం, ఊరి మీదుగా వెళ్తున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో అయిపోయిందనుకుని జనం ఫోన్లు పట్టుకుని సిగ్నల్ కోసం మేడలెక్కారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొట్టింది. తీరం ఊళ్ళవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, గాలి ఆగితే మేడ ఎక్కొద్దని ఇంట్లో పిల్లలకు ఇవాళే చెప్పండి.


సమాధానం 3: ఉప్పల్ హ్యామ్

ప్లానో అన్నగారూ, దయచేసి ఆ ఉపగ్రహ మెసెంజరు తేవద్దు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు ఉంచుకోవడం నేరం. తురాయా, ఇరీడియం ఫోన్లతో, అలాంటి చిన్న మెసెంజర్లతో వచ్చిన విదేశీయుల్ని విమానాశ్రయాల్లో పట్టుకున్న సందర్భాలున్నాయి. సంక్రాంతికి ఇంటికి రావలసినవాళ్ళు స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది.

టవర్లు లేకుండా మాట్లాడుకోవాలంటే చట్టప్రకారం రెండు దారులున్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అర వాటు వాకీటాకీలకు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. ఊళ్ళో ఇళ్ళ మధ్య రెండు మూడు వీధుల వరకు అందుతుంది. సింగ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కి కాదు, మేడ మీది నుంచి పక్క వీధి మేడకి. కానీ మీ నాన్నగారు పడవ కుర్రాడికి అంకెలు అరిచి చెప్పిన రోజున పక్క వీధి మేడ కూడా ఎంత దూరమో ఆలోచించండి. కొనేటప్పుడు జాగ్రత్త. ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మే సెట్లు చాలావరకు వేరే ఫ్రీక్వెన్సీల్లో పనిచేస్తాయి, వాటికి లైసెన్సు కావాలి.

రెండోది మా హ్యామ్ రేడియో, అంటే లైసెన్సుతో ఇష్టం కొద్దీ సొంతంగా రేడియో నడిపేవాళ్ళది. దీన్నే అమెచ్యూర్ రేడియో అని కూడా అంటారు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. 12 ఏళ్ళు నిండిన ఎవరైనా రాయచ్చు. అందులో చిన్న లైసెన్సు, రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి, చుక్కలు గీతల మోర్స్ కోడ్ రానక్కర్లేదు. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, నేర్పుతారు. అయితే వచ్చే వానాకాలానికి మీ అమ్మానాన్నల్ని హ్యాములుగా మార్చమని నేను చెప్పను. మీ కాలనీలో ఇంటరు చదివే కుర్రాడెవరైనా ఉంటే వాణ్ణి చేర్పించండి, వీధికంతటికీ ఆసరా అవుతాడు.

మేం రోజూ చేసే ఒక పని మాత్రం మీ ఇంట్లో రేపే మొదలుపెట్టచ్చు. ఏ సందేశం విన్నా తిరిగి చెప్తాం. "ఇద్దరు, రెండో అంతస్తు, షుగర్ మాత్రలు రేపటి వరకే" అని వినగానే అవే మాటలు అవతలివాళ్ళకి వినిపించి, సరేననిపించుకున్నాకే వదులుతాం. తెగిపోతున్న లైను మీద 'రెండో' అన్నది 'రేపో' లాగా వినిపిస్తుంది. ఫోన్లోనైనా సరే, మీ కబురు మనిషికి ఈ అలవాటు చేయించండి.


సమాధానం 4: నాగాయలంక టీచరమ్మ

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా నాయనమ్మ చెప్పగా విని పెరిగాను. ఫోను తీగలు, టెలిగ్రాఫు తీగలు అన్నీ పోయాయి. ఇక్కడ ఏం జరిగిందో బయటి లోకానికి తెలియడానికే సమయం పట్టింది. పదివేల మందికి పైగా పోయారు. అందుకే మా ఇళ్ళల్లో ఈ విషయం ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మావాళ్ళం చాలామంది ముందే బడికి వచ్చేశాం. ఇల్లు వదిలేటప్పుడు మేం చేసే పని ఒకటి చెప్తాను. తలుపు లోపలి వైపు, వాన తగలని చోట, సుద్దతో రాస్తాం: ఎంతమందిమి, ఎక్కడికి వెళ్ళాం, ఏ రోజు ఏ వేళకి. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఇల్లు చూసి గుండె జారిపోకుండా ఆ రాత చదువుకుని బడికి వస్తారు. దీనికి ఏ టవరూ అక్కర్లేదు. సింగ్‌నగర్‌లో నీళ్ళొచ్చిన ఇంటికి కింది తలుపు పనికిరాదు కాబట్టి, మెట్ల మలుపు దగ్గర గోడ చూసుకోండి.

పిల్లల సంగతి. మా బడిలో రెండో తరగతి నుంచి పొద్దున ప్రార్థన అయ్యాక ఎక్కాలతో పాటు ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు చెప్పిస్తాను. పదంకెల్నీ మూడు, మూడు, నాలుగుగా విరిచి రాగంగా. మొదటి నెలలో తప్పులు పోతారు, దసరా నాటికి నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఒక పాప నాన్నగారు నంబరు మార్చారని క్లాసులో ఏడ్చింది, అంత బాగా పట్టేసింది దానికి. పెద్దవాళ్ళకి కూడా ఇదే దారి. మీ నాన్నగారు మీ నంబరు అరిచి చెప్పగలిగారంటే అది ఎప్పుడో నోటికి పట్టిందే కదా. అమ్మగారికి కూడా పట్టించండి.


అడిగినవారి తిరుగు సమాధానం: సింగ్‌నగర్ అమ్మాయి

అందరికీ నమస్కారాలు. ఎక్స్ఛేంజీ బాబాయి గారూ, మీ సమాధానం అమ్మానాన్నలకి ఫోన్లో చదివి వినిపించాను. క్యాలెండరు కాగితం దగ్గరికి వచ్చేసరికి అమ్మ "ఆగు, మళ్ళీ చదువు" అంది. "అప్పుడు చూద్దాంలే" అనే నాన్న మర్నాడు పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నారు.

ఖమ్మం వద్దనుకున్నాం. అనంతపురంలో నాన్న తమ్ముడు, మా బాబాయి ఉన్నాడు. కబురు మనిషి ఆయనే. పిన్నికి, అత్తయ్యకి నేనే ఫోన్ చేసి చెప్పాను. అత్తయ్య మొదట నొచ్చుకుంది, "మా అన్నయ్యకి నేను ఫోన్ చేయకూడదా" అని. ఆ ఆదివారం ఆమె ఎన్నిసార్లు చేసిందో నాన్న ఫోన్లో ఇంకా ఉంది, 11 సార్లు. చెప్పాక ఒప్పుకుంది.

ఇప్పటికి మూడు ఆదివారాలు చేసి చూశాం. మొదటిది పూర్తిగా చెడింది, ఇక్కడ రాస్తే ఎవరికైనా పనికొస్తుంది. పొద్దున 8కి డేటా ఆపేసి ఎస్ఎంఎస్ పంపాలని నియమం. అమ్మ అలవాటు కొద్దీ వాట్సాప్ తెరిచి మైకు నొక్కి మాట్లాడింది, అది గడియారం గుర్తుతో అలాగే ఉండిపోయింది. మెసేజులు తెరిస్తే బ్యాంకువి, ఆఫర్లవి వందల కొద్దీ ఉన్నాయి, బాబాయి ఎక్కడో అడుగున. వరద తర్వాత నేనే కొనిచ్చిన బటన్ ఫోను బయటికి తీశారు. ఛార్జింగ్ నిండుగా ఉంది, సిమ్ము చచ్చిపోయింది. రీచార్జి చేయకపోతే గడువు దాటాక పోవడమూ రాదు, రావడమూ రాదని నాకు తట్టనే లేదు. బీరువాలో ఉందన్న ధైర్యంతో ఏడాదిగా ఉన్నాను. అక్కడ అనంతపురంలో బాబాయేమో ఫోను సైలెంట్‌లో పెట్టి ఫ్రిజ్ మీద వదిలి పూజలో కూర్చున్నాడు. 8:25కి నాన్న ఓపిక పట్టలేక మామూలుగా నాకే ఫోన్ చేసేశారు.

రెండోసారికి అమ్మ ఫోన్లో మొదటి స్క్రీను మీదే బాబాయి పేరుతో ఒక గుర్తు పెట్టించాను, నొక్కితే నేరుగా ఎస్ఎంఎస్ తెరుచుకుంటుంది. బటన్ ఫోను సిమ్ము రీచార్జి తారీఖు క్యాలెండర్లో గుండ్రంగా చుట్టారు నాన్న. ఈసారి సాయంత్రం 6కి, మెయిన్ స్విచ్ ఆపేసి చేశాం. అప్పుడు బయటపడింది ఇంకో తప్పు. నంబర్ల కాగితం కింది గదిలో బీరువా తలుపు లోపల అంటించి ఉంది. నీళ్ళు మొదట వచ్చేది ఆ గదిలోకే! పైగా చీకట్లో అమ్మకి కళ్ళజోడు దొరకలేదు, ఆ అక్షరాలు చిన్నవి. ఇప్పుడు అరంగుళం ఎత్తు అంకెలతో రెండు కాగితాలు రాసి, ఒకటి మాత్రల సంచీలో ప్లాస్టిక్ కవరులో, రెండోది మెట్ల మలుపులో మేకుకి. టీచరమ్మ గారు చెప్పినట్టు ఆ మేకు పక్కనే దారానికి సుద్దముక్క కట్టి ఉంచాం.

మా పదకొండో నంబరు కూడా రాసుకున్నాం. రెండు పూటలు తప్పితే బాబాయి కంట్రోల్ రూముకి, నేను విజయవాడ పక్కనే పోరంకిలో ఉన్న నాన్న స్నేహితుడికి ఫోన్ చేస్తాం. అది రాసేటప్పుడు అమ్మ ఒక మాట అడిగింది: "మేం బాగానే ఉండి కబురు పంపలేకపోతే నువ్వు ఏడవకుండా ఉంటావా?" ఒక పూట ఉంటానని చెప్పాను. "రెండు పూటలు" అంది. సరేనన్నాను.

అమ్మకి నా నంబరు మూడు, మూడు, నాలుగుగా వచ్చేసింది. కూర తరుగుతూ చెప్పుకుంటోందని నాన్న చెప్పారు.

మూడో ఆదివారం నిన్ననే. పొద్దున 8:04కి బాబాయి ఫోన్ చేసి చదివాడు: "1 85". నేను తిరిగి చెప్పాను, ఒకటి, ఎనభై ఐదు. పెట్టేయబోతుంటే "ఆగమ్మా, కింద ఇంకో లైనుంది" అన్నాడు. ఎదురింట్లో మామ్మ ఒంటరిగా ఉంటుంది, చెవులు వినపడవు, కొడుకు పుణేలో. నాన్న వెళ్ళి చూసి వచ్చి, ఆవిడ ఇంటి నంబరు రాసి పక్కన 1 అని పెట్టారు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. పుణే అబ్బాయి నంబరు తీసుకుని బాబాయి నోటుబుక్కులో రాయించాను.

ఎక్స్ఛేంజీ బాబాయి గారూ, ఒక్క సందేహం మిగిలింది. బటన్ ఫోను బ్యాటరీ నిండుగా పెట్టి నెలల తరబడి ఆపేసి ఉంచచ్చా?


సమాధానం 5: పాత ఎక్స్ఛేంజీ మనిషి

నిండుగా వద్దమ్మా, ఖాళీగా అసలే వద్దు. సగానికి కొంచెం పైన ఉంచి, మీ ప్రతి సాధన ఆదివారం నాడు తీసి, దాన్నుంచే ఒక మెసేజ్ పంపించండి. సిమ్ము బతికుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. తుపాను కబురు రేడియోలో వినగానే నిండా ఎక్కించండి. పవర్ బ్యాంకు కూడా అంతే.

ఎదురింటి మామ్మగారి మందుల పేర్లు కూడా నోటుబుక్కులో రాయించండి.